గుండీల డబ్బ

బాదేపల్లి రైలు గేటు దాటినంక
ఎడమ దిక్కు నూలు మిల్లు.
పదకొండేండ్లు తాళం కింద ఉన్నది.
కప్పు రేకులు గాలిదుమారం ఎత్కపోయింది,
రాగి తీగలు దొంగలు ఎత్కపోయిన్రు,
బ్లో రూముల సర్కారు తుమ్మ మొలిచింది.
సైరను మాత్రం మిగిలింది.
దాన్ల పావురాలు గూడు పెట్టినయి,
దాని కూత ఎట్లుంటదో తెల్వని పావురాలు.

ఇప్పుడు గేటు మీద కొత్త బోర్డు.
చదువుదామంటె నోరు తిరగదు.
రుబీనా మేడం అర్థం చెప్పింది:
"ఒకరు పారేసింది ఇంకొకరికి సరుకు జంగమ్మా,
ఈడ ఏదీ చెత్త కాదు."

మొదటి షెడ్డుల పల్లి పొట్టును ఒత్తి
బాయిలర్లకు కట్టెలు చేస్తరు.
రెండో దాంట్ల కాలిపోయిన బోరు మోటర్లు,
వైండింగు విప్పి మళ్ల చుట్టే పోరగాండ్లు.
మిర్యాలగూడ రైసు మిల్లుల బూడిద
ఈడిదాంక వచ్చి ఇటుకలైతది.
నాది మూడో షెడ్డు,
ఒకప్పటి రింగు ఫ్రేములది.
నేల మీద మిషన్ల కాళ్ల గుర్తులు ఇంక పోలే.
నా పదహారో నంబరు ఫ్రేము ఉన్న జాగల్నే
పాత బట్టల కుప్ప పోసిన్రు.

అప్పుడు నా పని తెగిన పోగు అతుకుడు.
కండ్ల కంటె ముందు ఏలికి తెలిసేది
యాడ తెగిందో.
ఇప్పుడు నా పని తెంపుడు.
అంగీల గుండీలు, ప్యాంట్ల జిప్పులు, లంగాల బొందులు.
తెంపి, రంగు రంగు వేరు జేసి
చీల్చే మిషన్ల ఏస్తె
బట్ట మళ్ల దూదైతది.
దూదంటె దూది కాదు,
పొట్టి పోగు, బూడిద రంగు, ఒకసారి బతికొచ్చిన దూది.
అయినా దారం దిగుతది.
రగ్గులైతయి, లారీలల్ల పోతయి.

నేను తీసిన నూలు గూడ వస్తదేమోనని
మొదట్ల కుప్పకుప్ప ఎతికిన.
నూలుకు పేరుండదు.
జేబులల్ల బస్సు టికెట్లు, చింతగింజలు,
ఒకపారి కాయితంల చుట్టిన పిల్లగాని పాలపన్ను.
దాన్ని ఏ షెడ్డుకు పంపాల్నో
మేడంకు గూడ తెల్వలే.

మొన్న పట్నం సార్లొచ్చిన్రు.
బోర్డు మీద గుండ్రంగ గీత గీసి
దీనికి మొదలు లేదు, చివర లేదు అన్నరు.
చప్పట్లు కొట్టినం.
నాకెందుకో కార్డింగు కుర్మయ్య యాదికొచ్చిండు.
మిల్లు బందైన నాడు
ఇదే గేటు కాడ రెండొందల పదిమందిమి నిలబడ్డం,
టిఫిను గిన్నెలతోని.
ఆ రోజు ఎవ్వరు ఏ గీతా గీయలే.
కుర్మయ్య దగ్గుతుంటె
డాక్టరు ఫిల్ము వెలుగుకు పట్టి చూపెట్టిండు,
ఊపిర్ల తెల్లగ, మబ్బు లెక్క.
ఆ దూదిని ఎవ్వరు ఎనకకు తీస్కోలే.
"సారూ, గది ఏ షెడ్డుకు పోవాలె?"
చెయ్యెత్తి అడుగుదామనుకున్న.
నోట్ల బిస్కటు ఉండె.

ఉన్న మాట చెప్పాలె.
ఒకటో తారీకు జీతం పడుతది.
మూతికి మాస్కు ఇస్తరు, ఫ్యాన్లు దుమ్ము గుంజుతయి.
నా పక్కన కూసునే సుగుణ
ఈ ఏడు బొంబాయి బస్సు ఎక్కలే.
నిన్న మధ్యాన్నం రెండు గంటలకు
ఊకెనే లేచి నిలబడ్డ. సుగుణ నవ్వింది.
షిఫ్టు దిగే టైమని
నా కాళ్లకు ఇంక ఎవ్వరు చెప్పలే.

పొద్దు గూకే యాల్లకు కుప్పల ఒక ఖాకీ కోటు.
కాలరు నల్లగ, మోచేతులు చినిగి.
మా మిల్లుదో, ఏ కండక్టరుదో.
ఇత్తడి గుండీ ఒక్కటే మిగిలింది.
కోటును మిషన్ల ఏసిన.

గుండీల డబ్బ కాంటా ఎక్కియ్యాలె, అది రూలు.
ఎక్కిచ్చిన.
మేడం రాసుకున్నది.
నాలుగు గ్రాములు నా కొంగు ముడిల ఉన్నయి.
తక్కువనే రాయనీ.