సగం రేటు

ఇరవై రెండు రోజులుగా ఓడ బయటే ఉంది, బెర్తు ఖాళీ లేక.
డాల్ఫిన్స్ నోస్ మీది లైటు
రాత్రికి ఎన్నిసార్లు తన కేబిన్ గోడని తుడుస్తుందో
లెక్క చెప్పాడు ఎవేలియో, ఆ ఓడలో వంటవాడు,
కొలంబియావాడు.
నేను ఓడలకి సరుకులు వేసేవాణ్ణి.
ఉల్లిపాయలు, గుడ్లు, గోధుమపిండి,
సంతకం, స్టాంపు, సెలవు.
పంతొమ్మిదేళ్ళలో ఒక్కణ్ణీ అడగలేదు
మీ ఇంట్లో ఏం తింటారని.

ఆదివారం వాడికి షోర్ పాస్ దొరికింది.
బీచ్ రోడ్డులో అద్దాల హోటలు చూపించాను.
తల అడ్డంగా తిప్పాడు.
మెనూలో ఫోటోలున్నచోట తినడట.
వాడికొచ్చిన ఇంగ్లీషూ నాకొచ్చిన ఇంగ్లీషూ
కలిపినా ఒక వాక్యం కాదు.
చేతులతో చెప్పాడు: ఊరు దాటు,
పొగ కనబడేదాకా పోనీ.

హనుమంతవాక దాటాం, మధురవాడ దాటాం,
ఆనందపురంలో బంతిపూల మూటల మధ్య
మా వ్యాను కాసేపు ఇరుక్కుంది.
తర్వాత జీడితోటలు, ఎర్రమట్టి.
ముందు వాడే చూశాడు,
తాటాకు కప్పు వెనక నిటారుగా లేస్తున్న పొగని,
ఎదర ఆగివున్న మూడు లారీలని.
వాళ్ళ కొండల్లో కూడా
రుచికి లారీ డ్రైవర్లే సాక్షులట.

అప్పలనరసమ్మ ఎవర్నీ రమ్మనదు, కూర్చోమనదు.
"కోడుంది, నెత్తళ్ళున్నాయి, చోడంబలుంది.
ఏటి గావాలో బేగి సెప్పండి."
బెంచీకి ఒక కాలు పొట్టి, దాని కింద పెంకు.
ఆకు మీద నీళ్ళు చల్లుకున్నాను.
వాడూ చల్లుకున్నాడు, ఎందుకో తెలియకుండానే.
కూర కంటే ముందు కారం నడిచొచ్చింది.
వాడి ముక్కు కారింది, కళ్ళు కారాయి,
చెయ్యి మాత్రం ఆగలేదు.

తింటూనే చెప్పాడు.
ఆదివారమొస్తే పట్నం జనం
పిల్లల్నీ ముసలాళ్ళనీ కుర్చీలనీ ఎక్కించుకుని
మలుపుల దారిలో పైకి పోతారట,
ఆవుల మధ్యకి, మబ్బులోకి,
కట్టెల మీద గంగాళంలో ఉడికే చారు కోసం.
కోడి, కర్రపెండలం, మొక్కజొన్న పొత్తు, అన్నీ ఒక్క నీళ్ళలో.
వాళ్ళమ్మ అలాంటి పాకలోనే గరిటె తిప్పేదట.
ఎంత గరిటో చూపించడానికి లేచి నిలబడ్డాడు.
పక్క బెంచీ క్లీనరు కుర్రాడు నవ్వి,
"అది గరిటి కాదు, తెడ్డు" అన్నాడు.

అప్పుడు కనబడింది వాడికి, మూలన గెల.
పచ్చి అరటి.
అడగలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయాడు.
"ఓలమ్మా, ఎవుడీడు, పొయ్యికాడికొచ్చీసినాడు!"
నరసమ్మ అట్లకాడ ఎత్తింది.
నేను లేచాను. లారీవాళ్ళు లేచారు.
వాడు దణ్ణం పెట్టి, తొక్క తీయడం మొదలెట్టాడు.
దుంగల్లా కోసి నూనెలో వేశాడు, తీశాడు,
చెంబు అడుగుతో ఒక్కొక్కటీ అణిచాడు
నిద్రపోతున్న ఇంట్లో తలుపు వేసేటంత మెల్లగా.
మళ్ళీ నూనెలో వేశాడు.
నరసమ్మ అట్లకాడ దించలేదు గానీ
మంట ఎక్కువైనప్పుడు
తనే ఒక కట్టె వెనక్కి లాగింది.

పసుప్పచ్చని బిళ్ళలు, అంచులు చిట్లి.
తలా ఒకటి.
ఆమె కొరికింది, నమిలింది, రోడ్డు వైపు చూసింది.
"ఉప్పు సాల్లేదు" అంది.
రెండోది తీసుకుంది.

లెక్క దగ్గర వేళ్ళ మీద కూడింది,
కోడికి, అంబలికి, నెత్తళ్ళకి.
మరి అరటికాయకో, అన్నాను.
"కాయ నాది, నూని నాది, సెయ్యి ఆడిది.
సగం రేటు."
ఇది వాడికి చెప్పడానికి మధురవాడ దాకా పట్టింది.
అర్థమయ్యాక వ్యాను అద్దం దించి
గాలికి ఎదురుగా చాలాసేపు నవ్వాడు.

మంగళవారం ఓడ లోపలికొచ్చింది,
గురువారం వెళ్ళిపోయింది.
సరుకుల జాబితాలో
ఉల్లిపాయలకీ గుడ్లకీ నడుమ
ఎవరూ అడగని రెండు గెలలు రాశాను, పచ్చివి,
సగం రేటుకి.
కెప్టెను చదవకుండా సంతకం పెట్టాడు.