పదకొండో రూము లెక్కలు

మొదటిసారి వచ్చినప్పుడు
వాళ్ల చేతుల నలభై ఎనిమిది ప్రశ్నలున్నయి.
సల్మాబాద్ గ్యారేజీల సందుల బస్సు పట్టక
బయటనే ఆపి, యూనివర్సిటీ పోరగాండ్లు నడిచొచ్చిన్రు.
"నెలకు ఎంత మిగిలిస్తరు?" అని ఒక ప్రశ్న.
తింటున్న పళ్లెం పక్కకు పెట్టి ఓదెలు నవ్విండు.
నవ్వుకు ఆ కాయితంల గడి లేదు.
సున్నా కొట్టుకొని పోయిన్రు.

మల్ల ఏడాదికి సబీకా ఒక్కతే వచ్చింది,
నల్ల అబాయ అంచుకు సిమెంటు దుమ్ము,
సంచిల ఏడు తెల్ల నోటుబుక్కులు.
"ఈసారి ప్రశ్నలు మీరే రాయున్రి" అన్నది
మా లెక్కనే విరిగిన హిందీల.

మేం ప్రశ్నలు రాసుడా?
పరంజి కట్టేటోన్ని పట్టుకొని
బిల్డింగు ఎవలకియ్యమంటవని అడిగినట్టుంది.
రెండు రాత్రులు బుక్కులు మంచాల కిందనే పండినయి.
మూడోనాడు లింబాద్రి రాసిండు, మొదటి గీత మీద:
"నా అప్పు ఏ తారీఖునాడు తెగుతది?"

తొమ్మిది నెలలు రాసినం, ఫిల్సు సుత ఇడవకుండ.
పైసలు పంపే కౌంటర్ల కోసుకున్నది,
ఉల్లిగడ్డ, ఫోను కార్డు, తలనొప్పి గోలి,
ఏజెంటుకు నూటికి మూడు రూపాల మిత్తి.
ఓదెలుకు రాత రాదు, ఆయన చెప్తె నేను రాసిన.
వట్టి అంకెలు చాలంటె
రాజమల్లు అంకె పక్కన కారణం సుత పెట్టిండు:
"బిడ్డ కండ్లద్దాలకు. మంచియే తీసుకొమ్మన్న."
సబీకా ఆ ముక్క కొట్టెయ్యలే.

అటు కరీంనగర్ దిక్కు ఒక కాలేజి పిల్లలు
మా ఇండ్లల్ల కూసొని అదే లెక్క రాసిన్రట.
రెండు బుక్కులు పక్కపక్కన పెడితె,
నేను మూడనుకున్న మిత్తి
ఇంటికాడ నాలుగై ఉన్నది.
నాకు చెప్తె నిద్ర పట్టదని
నా పెండ్లాం రెండేండ్లు దాచింది.

ఒక శుక్రవారం చాయ్ కాడ సబీకా చెప్పింది:
వాళ్ల ముత్తాత ముత్యాలకు మునిగెటోడు.
కాలికి రాయి, ముక్కుకు చిమ్టా,
ఊపిరి బిగవట్టి ఎన్నిసార్లు కిందికి పోయొచ్చినా
పడవ యజమాని బుక్కుల ఆయన అప్పు తేలలే.
ఆయన పోతె అది కొడుకు మెడకు పడ్డది.
"లెక్క రాసేటోడు ఒక్కడే, చదువొచ్చినోడు వాడొక్కడే" అన్నది.
ఎవలం మాట్లాడలే.
ఓదెలు లేచి ఆమె గిలాసల ఇంకింత చాయ్ పోసిండు.

ఏడుగురం ఏడుసార్లు కట్టే కమీషను
ఒక్కసారే కడితె?
మిత్తి ఎక్కువున్నోని అప్పు ముందుగాల తెంపితె?
మా ఆడోళ్లు సంఘంల చేసేదే ఇది.
విమానం ఎక్కంగనె మేం మర్శిపోయినం.
కంపెనీ కాయితంల ఓవర్‌టైం వేరు, మా బుక్కుల వేరు.
యూనివర్సిటీ ముద్ర చూసి
క్యాంపు బాసు మొదటిసారి కూసొమ్మన్నడు.
ఆరు నెలల బకాయిల సగం వచ్చింది.
సగమంటె సగమే. పండుగ చెయ్యలే.

రాజమల్లును నడుమనే ఇంటికి తోలిన్రు.
ఆయన బుక్కు ముప్పై ఒకటో పేజీ కాడ ఆగింది.
ఆ తెల్ల పేజీలను సబీకా లెక్కల ఎట్ల పెట్టిందో
మాకు తెల్వది, పెట్టిననే అన్నది.

లింబాద్రికి తారీఖు దొరికింది:
వచ్చే ఏడాది మార్చిల ఒక మంగళవారం.
ఆ ఏడు క్యాలెండరు ఇంకా దుకాణాలకు రాలే,
అందుకే గోడ మీద బొగ్గుతోని రాసుకున్నడు.

పుస్తకం అచ్చుకు పోయే ముందు
"రాసినోళ్లు" అన్న కాడ మా పేర్లడిగింది.
సంతకాలు చేసినం.
ఓదెలు బొటనవేలు సిరాల అద్ది
కాయితం మీద పెట్టబోయి ఆగిండు:
"దీనికి మిత్తి ఎంత?"

సబీకాకు హిందీల చెప్పెటానికి
నాకు జరసేపు పట్టింది.