అయితేనే ఆగు

క్లాక్స్‌విక్ రేవులో రాత్రి మూడు.
సాల్మన్ చేపలకు మేత తూచే ప్రోగ్రాం
మళ్ళీ కూలిపోయింది.

నల్లతెర ముందు రాన్వా.
మొదట్లో ఆమే
వరసకో బ్రేక్‌పాయింట్ పెట్టేది.
గడప గడపకీ ఆగితే ఊరు దాటేదెప్పుడు?
కంటిన్యూ, కంటిన్యూ, కంటిన్యూ అని కొట్టీ కొట్టీ
తప్పు ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా
నిద్రమత్తులో
అదే కొట్టేసింది ఒకసారి.

ఇవాళ అన్నీ చెరిపేసింది.
ఒక్కటే ఉంచింది, షరతు మీద:
బరువు సున్నాకి దిగువైతేనే ఆగు.

టీ కాచుకుంది. మేజోడు ఆరేసుకుంది.
నలభై వేల తూకాలు
ఆమెను పలకరించకుండానే వెళ్ళిపోయాయి.

ఆగింది.
మైనస్ మూడు కిలోలు.

ఎవరు పిలిస్తే ఎవరొచ్చారో
మెట్టు మెట్టూ వెనక్కెక్కి చూసింది.
దొంగ లేడు.
అంకె నిజమే చెబుతోంది.
ఇది రాసిన యోగ్వాన్ మాత్రం
కొండమీది ఆఫీసులో, కదలని బల్ల దగ్గర
కూర్చుని రాశాడు.

కిటికీ తెరిచింది.
చీకట్లో ఒక అల
పడవని, ఖాళీ తొట్టిని, ఆమె కప్పుని
ఎత్తి, వదిలేసింది.
ఆ అర క్షణం
దేని బరువూ దేనిమీదా లేదు.

దానికీ ఒక 'అయితే' రాయాలి.
రాస్తుంది.
ముందు టీ తుడవాలి.