తనిఖీ అయిన ఇసుక

గోదావరిఖనిల మే నెల.
కూలర్ల పోసిన నీళ్లు చెంబు కడిగేలోపే ఆవిరి.
మంచం మీద పరిచిన రంగుల కాయితం మీద
నా చెమట బొట్టు పడి
సముద్రం ఒక్కతాన ఉబ్బింది.

మునీర్ ట్రావెల్స్ పిలగాడు వేలు పెట్టి చూపిచ్చిండు:
"గ్రీసు, అంకుల్. ఎనిమిది రోజులు, ఏడు రాత్రులు."
భూలక్ష్మికి నవ్వాగలే.
"ముప్పయ్యొక్క ఏండ్లు నీ అంగీలకెల్లి ఉతికిన గ్రీజు చాలదా,
మళ్ల పైసలు వెట్టి పోవాల్నా?"

ఆ సముద్రం పేరు మధ్యధరా.
ధర అంటే భూమి, మధ్యధర అంటే భూమి నడుమ అని
నాలుగో ఇంటి తెలుగు టీచరమ్మ విడదీసి చెప్పింది.
భూమి నడుమకు నేను రోజూ పోయిన టీచరమ్మా,
మొదటి షిఫ్టుల, బెల్టు పక్కపొంటి నడుసుకుంట దిగి.
ఆడ సముద్రమున్నదని ఎవలూ చెప్పలే.

ఇసుకైతే ఉండె.
బొగ్గు తీసిన బొంద నింపనీకి
గోదారి ఇసుకను నీళ్లల్ల కలిపి పైపులకెల్లి తోలేటోళ్లం.
చెయ్యి కానరాని చీకట్ల
తెల్లటి ఇసుక గర్రుమనుకుంట వచ్చి పండేది.
మనిషి పండనీకి గాదు, కప్పు కూలకుండ.
ఈ ఊరు గా ఇసుక మీదనే నిలవడ్డది:
కూరగాయల మార్కెట్టు, బస్టాండు,
మేం కట్టుకున్న రెండర్రల ఇల్లు,
ఈ మంచం సుత.

ఇసుక మీద మనిషి ఊకెనే పండుకుంటడంటే
ఓదెలు నమ్మలే.
"ఆడ పనేం చేస్తరు?"
ఏం చెయ్యరు.
"మరి హాజరెవలేస్తరు?"

నన్ను పట్టింది ఫొటోలు గాదు,
అడుగున చిన్నక్షరాలు: నీలి జెండా ఉన్న తీరం.
నీళ్లు పరీక్ష చేస్తరట,
లెక్క బోర్డు మీద అందరికీ కానొచ్చేటట్టు పెడ్తరట,
తేడా వస్తే జెండా దించుతరట.
గీ మాట నాకర్థమైతది.
నేను మైనింగ్ సర్దార్‌ను.
సేఫ్టీ దీపం లేపి గ్యాసు చూసి,
కర్రతోని కప్పు కొట్టి, చెవొగ్గి విని,
బొగ్గు గోడ మీద సుద్దతోని
తేదీ, టైము, ఒక పొట్టి సంతకం.
అటెన్కనే మనుషులు లోపలికి.

మొగిలి నా సుద్దను చూసే పోయిండు.
తొమ్మిదీ పదికి సంతకం.
పదిన్నరకు కప్పు.
ఎంక్వైరీల నా తప్పు లేదని రాసిండ్రు,
గా కాయితం కూడా బీరువలనే ఉన్నది.

పాస్‌పోర్టు ఫారంల గుర్తులడిగితే
ఎడమ కనుబొమ్మ మీద నీలి మచ్చ అని రాసిన.
బొగ్గు చొరబడ్డ గాయం నీలంగనే మానుతది.
"పచ్చబొట్టా?" అన్నది కంప్యూటర్ కాడి పిల్ల.
కంపెనీ ఏసిన పచ్చబొట్టు, బిడ్డా అన్న.
ఏ దినం ఏసిందో చెప్పలే.

భూలక్ష్మి కరెంటు బిల్లు ఎనక రాస్తున్నది:
బీపీ గోలీలు, పల్లి కారం, ఎర్ర గొడుగు,
సకినాలు (విమానంల ఇరుగుతయేమో),
చీర తడిస్తే బరువైతదని పంజాబీ డ్రెస్సు.
కొలతలు ఇయ్యనీకి టైలర్ ముంగట
పెండ్లిపిల్ల లెక్క తలొంచి నిలవడ్డదట.
రాసిన దాంట్ల రెండు తీసేసింది, నాలుగు కలిపింది.
వీసా ఇస్తరో ఇయ్యరో ఇంక తెల్వదు.

రాత్రి కరెంటు పోయినంక
విసనకర్ర ఆపి అడిగింది:
"నువ్వు నీళ్లల్ల దిగుతవా?"

నువ్వు ఒడ్డుకు ఆగు.
ముందుగాల నేను పోయి చూసొస్త.

"జెండా ఉన్నంక గూడనా?"

ఉన్నంక గూడ.