దుమాన్ పేజీ

మా మామగారి పేరు సతిల్మిష్.
మా భాషలో ‘అమ్ముడైనవాడు’ అని.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
వాళ్ళమ్మ ఆయన్ని ఓ సాధువు సమాధికి అమ్మేసి
పిడికెడు ఉప్పిచ్చి మళ్ళీ కొనుక్కుందట.

అందుకేనేమో,
కుక్కపిల్లని ఇచ్చేముందు
అడిగినవాడి ఇంటికి ఒకసారి వెళ్ళొస్తాడు.
వాకిట్లో పొట్టి గొలుసు కనపడిందా,
టీ తాగకుండానే లేచి వచ్చేస్తాడు.

ఆయనకి చదువు రాదు.
మా మందలో ప్రతి ఈతా నా నోటుబుక్కులో ఉంది:
తల్లి, తండ్రి, ఆ వారం మంచు ఎంత పడిందో,
ఎన్ని కళ్ళు తెరిచాయో.
ఎర్రసిరాతో రాసిన పేజీ ఒకటుంది.
అది నేను చదివి వినిపించను. ఆయన అడగడు.

పదకొండేళ్ళ కిందట
ఒకే కడుపున పుట్టినవాటిని జతకట్టాం.
తల ఇంకా పెద్దదవుతుందని,
మూతి మీద నలుపు చిక్కబడుతుందని.
నిజంగానే చిక్కబడింది.
మూడో నెలలో ఒకటి
వెనకకాళ్ళు ఈడ్చుకుంటూ పాలగిన్నె దాకా వచ్చి
తాగకుండా గిన్నె పక్కనే ఒరిగిపోయింది.
దాన్ని కోటు లోపల దాచుకుని
ఆయనొక్కడే గుట్ట వెనక్కి వెళ్ళాడు.
వచ్చాక, రాయమన్నాడు:
తప్పు నాది. కుక్కది కాదు.
అలాగే రాశాను.

ఇక దుమాన్. పొగరంగు ఆడకుక్క.
పోయిన చలికాలం, మెడకి ఇనుపముళ్ళ పట్టీతో,
రెండు తోడేళ్ళకి అడ్డం నిలబడింది.
నూటనలభై గొర్రెలు. పొద్దున లెక్కపెడితే
నూటనలభైయే.
ఆ కబురు ఫోన్లెక్కి ఎక్కడెక్కడికో పోయింది.

బుర్సా నుంచి ఒకాయన నల్లకారులో దిగాడు.
ఇంకా కడుపున పడని పిల్లలకి బయానా ఇస్తానన్నాడు.
నోట్లకట్ట తీసి పెరుగుగిన్నె పక్కన పెట్టాడు.
దానికెన్ని పైకప్పు రేకులొస్తాయో
నేను కళ్ళతోనే లెక్కేశాను.
కారే చోటల్లా గిన్నెలు పెట్టేది నేనే కదా.

"ముందు సివాస్ వెళ్ళొస్తాం" అన్నాడు మామగారు.

డాక్టరు నూర్‌హయాత్
ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ అద్దానికి ఆనించింది.
అవతల మంచు, ఇవతల దుమాన్ తుంటి.
గిన్నె లోతు లేదు. బంతి అంచున కూర్చుంది.
"ఇప్పుడు నొప్పి లేదు, పరుగెడుతుంది.
కానీ పిల్లలకి దిగుతుంది.
అన్నిటికీ కాదు. కొన్నిటికి."

కొన్నిటికి అన్న మాట
దారి పొడుగునా మా ఇద్దరి మధ్య
సీట్లో కూర్చుని వచ్చింది.

"ఎక్స్‌రే ఎవడు చూస్తాడు మామా,
తోడేలు చూస్తుందా?" అని నవ్వాడు బుర్సా ఆయన.
మామగారు కట్టని ఆయన వైపు జరిపాడు.
"పుట్టేది చూస్తుంది."

పెద్దమాట అన్నాడని మీరనుకుంటారు.
ఆ రాత్రి నాకు కోపమే వచ్చింది.
కరిగిన మంచు టప్‌మని గిన్నెలో పడినప్పుడల్లా
కొన్నిటికి, కొన్నిటికి అని వినపడింది.
మిగతావి బాగానే ఉండేవేమో కదా,
అని గోడకేసి తిరిగి పడుకున్నాను.

వసంతంలో దుమాన్‌కి ఆపరేషన్ అయింది.
కుట్లు ఆరకముందే తలుపు గోకింది,
గొర్రెలు దాటిపోతున్నాయని.

పక్కలోయలో దుర్సున్ వాళ్ళ మగకుక్క ఒకటుంది.
తల చిన్నది, తోక సగమే చుట్టుకుంటుంది,
ఎవరూ ఫొటో తీయరు.
దాన్ని కూడా కిటికీకి ఆనించి చూశాం.
వచ్చే శరత్తులో మా పాముక్‌కి మూడేళ్ళు నిండుతాయి,
అప్పుడు చూద్దాం అన్నాడు మామగారు.
నేను పెన్సిల్‌తో రాసుకున్నాను.

దుమాన్ పేజీలో
‘పిల్లలు’ అన్న చోట ఏం రాయాలో తోచక
అలాగే వదిలేశాను.

ఇదిగో, మంద పైకెక్కుతోంది.
వెనక దుమాన్.
ఎడమకాలు ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తోంది.
మీకు తెలియదు. నాకు తెలుస్తుంది.
మామగారికీ తెలుస్తోంది కాబోలు,
ఈ మధ్య కొండదారి వదిలి
చుట్టుదారిన తోలుతున్నాడు.