లాభం, రెండు

అంబాజీపేటలో, మార్కెట్ వెనక
కురిడీ కొట్టు ఒకటి ఖాళీ చేశారు ఒక్క రాత్రికి.
ఖాళీ అంటే ఖాళీ కాదు.
మూలన ఇంకా రెండు వేల కాయలున్నాయి,
లారీ రాలేదని, గోనెపట్టాల కింద.
వాటి ముందు ఒక బల్ల, ఒక బల్బు.
పీచు చుట్టల మీద ముప్ఫైమంది జనం.

గోడకి అట్టముక్క మీద దైవకృప రాసింది:
"ఈ రాత్రి ఏదీ పూర్తయింది కాదు.
బాగుందనొద్దు.
ఎక్కడ విసుగేసిందో చెప్పండి."

నన్ను పిలిచారు, అలవాటు కొద్దీ.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు తెర పక్కన గొంతుక్కూచుని
మరిచిన మాట అందించినవాణ్ణి.
కిరీటం పెట్టిన ప్రతి గొంతుకీ
నా గుసగుస ఒక అడుగు ముందుండేది.
"పుస్తకమేదమ్మా?" అన్నాను.
"లేదు మావయ్యా, ఇంకా రాస్తున్నారు" అంది.
టార్చిలైటు మాత్రం జేబులో ఉంచుకున్నాను.

ముందు సత్తిపండు. కాయ దింపేవాడు.
ఉత్త చేతుల్తో లెక్కపెట్టాడు:
లాభం, రెండు, మూడు, నాలుగు…
గాలిని ఎత్తి గాలిలోకి విసురుతూ.
నూట నలభై దగ్గర ఎవరో నవ్వారు.
నూట డెబ్భై దగ్గర నవ్వు ఆగింది.
రెండు వందల దగ్గర వాడి కుడి భుజం
నిజంగానే దిగిపోయింది.
అక్కడ చెట్టు మీంచి పడాలట.
"ఎలా పడాలో ఇంకా తేలలేదండి, ఆయ్"
అని నిలబడే చెప్పి
వెళ్ళి కూచున్నాడు.

రాజోలు మస్తానీ బీ లేసు అల్లే ఆడవాళ్ళ మీద
ప్రహసనం చదివింది, అన్ని గొంతులూ తనే.
ఒకచోట గొంతు మార్చడం మరిచి
ఏజెంటు చేతే "నడుం లాగేస్తోందండి" అనిపించింది.
నాలిక్కరుచుకుంది.
అది తియ్యొద్దని చీటీ రాశాను.

గరగల ఇంటి కుర్రాడు మల్లిబాబు
తల మీద గరగ లేకుండా గరగ ఆడాడు.
డప్పు కూడా వద్దన్నాడు.
కాళ్ళు ఊరంతా తిరిగాయి,
మెడ మాత్రం
లేని బరువుకి భయపడి కదల్లేదు.
అంతలో కరెంటు పోయింది.
కాయల గుట్టలో ఎలుక పరిగెత్తిన చప్పుడు.
వచ్చేసరికి అలాగే ఉన్నాడు,
చెమట గడ్డం దాకా దిగి.
"ఇది ఆటేనా, అలవాటా?" అనడిగాడు.
ఎవరం చెప్పలేకపోయాం.

చివర్న సువార్త, కథ.
లంకలో వరద. కరెంటు స్తంభానికి కట్టిన పడవ.
పడవలో ఒక మేక, ఒక ఫ్రిజ్జు, పదకొండుమంది.
ఫ్రిజ్జు దించితేగాని ఇంకో మనిషి పట్టదు.
"అప్పుడు మా పిన్ని…"
అని ఆగింది.

నా నోరు తెరుచుకుంది.
వేలు దానంతటదే టార్చి నొక్కింది.
వెలుగులో సిమెంటు నేల,
కొంచెం పీచు దుమ్ము.
సువార్త నా వైపే చూసింది,
వెనకటి రాజులందరూ చూసినట్టే.
నా దగ్గర లేదమ్మా.
ఎవరి దగ్గరా లేదు.

మా కాలంలో అయితే ఈలలు పడేవి,
తెర దించేసేవాళ్ళు.
ఇక్కడ ముప్ఫైమందీ
ఆ పిన్నితో పాటు పడవ అంచు పట్టుకుని నిలబడ్డారు.
బయట లారీ వచ్చి హారన్ కొట్టింది.
ఎవరూ తల తిప్పలేదు.
"ఇక్కడిదాకే" అంది సువార్త.

చీటీలు కొబ్బరిచిప్పలో వేశారు.
కాయలు మోసే వెంకాయమ్మకి రాయడం రాదు.
లేచి అడిగింది:
"ఆ ఫ్రిజ్జు ఎవరిదే?"
సువార్త కలం కోసం వెతుక్కుంది,
దొరక్క, అరచేతి మీద గోరుతో రాసుకుంది.

లారీకి లోడు ఎత్తాలి.
అందరం తలో చెయ్యి వేశాం, మస్తానీ బీతో సహా.
సత్తిపండు "లాభం" అని మొదలెట్టి
రెండు దగ్గర ఆగి,
నవ్వేసి, మళ్ళీ లాభం దగ్గర్నించి ఎత్తుకున్నాడు.

కాలువ గట్టు మీద ఇంటికి నడుస్తూ
"అప్పుడు మా పిన్ని" అని నేనూ అని చూశాను,
రెండుసార్లు, గుసగుసగా.
మూడోసారి
గట్టిగానే.