అయిదోది

"గోడలో ఏదో ఏడుస్తోంది" అంది ఫోన్లో ఐలీ.
వెనక నుంచి మగ గొంతు:
"ఏమీ లేదని చెప్పు."

సడ్‌బరీలో ఏప్రిల్ ఆఖరు.
నల్లరాళ్ళ నీడల్లో ఇంకా మురికి మంచు.
నేను వెళ్ళేసరికి ఆమె
వంటింటి గోడకు గ్లాసు బోర్లించి
గ్లాసుకు చెవి ఆనించి నిలబడి ఉంది.
రెండు రాత్రుల నిద్ర కళ్ళ కింద వేలాడుతోంది.

గోడలకు చెవులుంటాయని అందరూ అనేదే.
పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా బతుకుతెరువు,
నాకు తెలిసి గోడలకు ఉండేది గొంతు.
గబ్బిలమైతే కాగితం నలిపినట్టు,
ఉడుతైతే గులకరాళ్ళు దొర్లినట్టు.
రకూన్ పిల్లలు మాత్రం
పక్షీ కాక పసిబిడ్డా కాక
మధ్యలో ఎక్కడో ఏడుస్తాయి.
విన్నవాళ్ళు చేతిలో పని కింద పెట్టేస్తారు.

టౌనో వినలేదు. వినలేడు.
ముప్పై ఒక్క ఏళ్ళు నికెల్ గనిలో డ్రిల్లు పట్టి
చెవులు అక్కడే పాతిపెట్టి
పెన్షన్‌తో పైకొచ్చినవాడు.

"కప్పు అంచున కన్నం ఎవరు మూశారు?"
గట్టిగా అడిగాను.
"నేనే" అన్నాడు మురిసిపోతూ.
"తల్లి బయటికి పోవడం చూసి మరీ మూశాను.
ఇనప జాలీ. పన్నెండు స్క్రూలు."

నిచ్చెనెక్కి చూశాను ఆ జాలీని.
చుట్టూ తారు పెంకులు పీకేసి ఉన్నాయి.
తీగలకు వెంట్రుకలు, ఎండిన నెత్తురు.
దిగొచ్చి ఏమీ అనలేకపోయాను.
కొన్ని మాటలు అరిచి చెప్పడానికి పనికిరావు.

ఐలీ అరవలేదు.
అతని చెయ్యి పట్టుకొచ్చి
అరచేతిని గోడకు ఆనించింది,
జ్వరం చూడమన్నట్టు.

నవ్వబోయాడు.
నవ్వు సగంలో ఆగింది.
చేతి కింద ఏదో గీకుతోంది.
ఆగి, మళ్ళీ.

"పైపు" అన్నాడు, మా ఇద్దరితోనూ కాదు.
"మూడో లెవెల్ కూలినప్పుడు పైపు మీద కొట్టాం.
ఆగి, మళ్ళీ.
పైవాళ్ళకు వినపడిందో లేదో
పదకొండు గంటలు మాకు తెలీదు."

ఆ తర్వాత రంపం నన్ను ముట్టుకోనివ్వలేదు.
వేడి రొట్టె కోసినంత మెల్లగా కోశాడు.
కనుబొమల మీద తెల్లటి పొడి.
రెండు నిట్రాళ్ళ మధ్య, దుమ్ము పట్టిన దూదిలో
నాలుగు.
కళ్ళైనా తెరవలేదు,
నల్ల ముసుగు మాత్రం అప్పుడే తొడుక్కున్నాయి,
ఏ దొంగతనమూ చెయ్యకుండానే దొరికిపోయి.

బూట్ల పెట్టె, పాత తువ్వాలు, వేడినీళ్ళ సీసా.
పెట్టెను వరండా కప్పు మీద పెట్టి
మేడగదిలో దీపమార్పి కూచున్నాం.
ఐలీ యాలకుల రొట్టె తెచ్చింది. ఎవరూ తినలేదు.

పదింటికి వచ్చింది తల్లి, కుంటుతూ.
మెడ పట్టి ఒకదాన్ని ఎత్తుకుని
మేపుల్ చెట్టు దిగి, కంచె దాటి, చీకట్లోకి.
మళ్ళీ వచ్చింది. మళ్ళీ.
నాలుగోదీ వెళ్ళాక నేను లేచాను, పనైపోయింది కదా అని.
"ఆగు డార్లీన్" అంది ఐలీ.

తల్లి మళ్ళీ వచ్చింది.
ఖాళీ పెట్టెలో చేతులు పెట్టి
(వాటివి కాళ్ళని ఎవరన్నారో)
తువ్వాలు ఎత్తి చూసింది, తిరగేసి చూసింది.
తర్వాత మా కిటికీకేసి.

నా చెవులకు ఏమీ అందలేదు.
వేడిని చూపించే నా కెమెరా
పొయ్యి వెనక పైపుల్ని చూసి తికమకపడింది.
టౌనో చొక్కా చేతులు మడిచి
మోకాళ్ళ మీద, రెండరచేతులూ గోడకు ఆనించి
అంగుళం అంగుళం జరిగాడు.
ఊపిరి బిగబట్టినట్టున్నాడు.
చాలాసేపు.

"ఇక్కడ."

అదేమీ గీకడం లేదు, ఏడవడమూ లేదు.
అంత చల్లగా ఉన్నదాన్ని
నేనైతే సంచిలో వేసేదాన్ని.
అతను చొక్కా లోపల పెట్టుకుని
పెరట్లో సౌనాలోకి వెళ్ళాడు,
సాయంత్రపు వేడి ఇంకా రాళ్ళలో ఉంది.
అరగంటకు తలుపు తీసి
"కొడుతోంది" అన్నాడు, రొమ్ము చూపించి.
ఎవరిదో అడగలేదు.

నిచ్చెన కూడా నన్ను ఎక్కనివ్వలేదు.

బిల్లులో నాలుగే రాశాను.
అయిదోది నేను తీసింది కాదు.